శనివారంనాటి ఆయాసం

జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకోవడం మన ఊళ్లలో ఉన్నదే. పిల్లల ఫీజులు, పెళ్లి సంబంధాలు, కాలువకు నీళ్లు వదిలారా లేదా, ఎవరింట్లో ఎవరికి బాగాలేదు, అన్నీ అక్కడే తెలుస్తాయి. మొవ్వ మండలంలోని ఒక ఊళ్లో అలాంటి కబుర్ల మధ్యనే, మాకు వరసకు బావ అయ్యే ఒకాయన ఒక మాటన్నాడు.

"ఇవాళ హాయిగా ఉన్నాను బావా. రేపు మధ్యాహ్నం చూడాలి నన్ను. ఛాతీమీద వడ్ల బస్తా పెట్టినట్టుంటది. ఆదివారానికి కాస్త నెమ్మదిస్తది. సోమవారానికి ఏమీ ఉండదు. మళ్లీ శనివారం వచ్చిందంటే మొదలు."

"శనివారం కదా, శని పట్టుంటాడులే" అని పక్కనున్నాయన అనేసరికి అందరూ నవ్వారు. బావా నవ్వాడు. నవ్వు పూర్తికాకుండానే దగ్గు తెర వచ్చి మెట్టుమీద కూర్చుండిపోయాడు.

ఆయనకు యాభై దాటాయి. దూదేకి, పరుపులూ దిళ్లూ కుట్టి సంసారం ఈదుకొస్తున్న మనిషి. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. వారంలో శుక్రవారం ఒక్కరోజే మిషను ఆపుతాడు. పాఠకులు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆయన జబ్బు పేరు ఆ శుక్రవారం సెలవులోనే దాగి ఉందని మాకు చాలా నెలల తర్వాతగాని తెలియలేదు.

దూదేకులవారు, నూర్‌బాషాలు, పింజారులు, లద్దాఫులు అని రకరకాల పేర్లతో పిలిచేది ఈ పనివారినే. ప్రభుత్వ జాబితాలో బి.సి.-బి గ్రూపు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఒకప్పుడు పెద్ద విల్లు, దానికి బిగించిన నారి, నారిని మీటే కొయ్య భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవారు. ఇంటి అరుగుమీద పాత దూది కుప్ప పోసి, విల్లు దానిమీదికి వంచి, కొయ్యతో నారిని కొడుతుంటే గడ్డకట్టిన దూది పొరలు పొరలుగా విడిపోయి మంచులా లేచేది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూ చుట్టూ చేరినవాళ్లలో మేమూ ఉన్నాం. కాళ్లు, నడుము, కుడిభుజం, మూడింటికీ ఊపిరాడనివ్వని పని అది. తర్వాత కరెంటు మోటారుతో తిరిగే మిషన్లు వచ్చాయి. భుజానికి సుఖం కలిగింది. దుమ్ముమాత్రం పదింతలైంది. విల్లుతో రోజంతా ఏకే దూదిని మిషను గంటలో ఏకిపారేస్తుంది. ఆ గంటలో లేచిన దుమ్మంతా వరండాలోనే తిరుగుతుంది.

ఈ వృత్తిపేరును తెలుగువాళ్లు తిట్టుగా వాడటం మనకు కొత్తకాదు. బుర్రకథ పితామహుడని పేరుపొందిన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఈ వృత్తివారి ఇంట్లోనే పుట్టారు. ఆయన జీవితకథ పుస్తకానికి 'పింజారి' అనే పేరు పెట్టారు. తిట్టిన నోళ్లకు అంతకన్నా మర్యాదైన జవాబు ఇంకొకటి ఉండదనుకుంటాం. 922లో బాగ్దాదులో ప్రాణం అర్పించిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని 'హల్లాజ్' అన్నా అరబ్బీలో దూదేకేవాడనే అర్థం. పరువు విషయంలో తక్కువేమీ లేని పని. ప్రమాదమంతా ఊపిరి విషయంలోనే.

బావ సంగతికి వద్దాం. ఆయన మొదట ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర ఇంజక్షన్లు వేయించుకున్నాడు. రెండురోజుల్లో తగ్గింది. సోమవారానికి తనంతట తానే తగ్గే ఆయాసం అది, ఇంజక్షను వేసినా వేయకున్నా తగ్గేదే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆర్నెల్లు పోయాక ఆయాసం మంగళవారందాకా సాగింది. అప్పుడు ఎవరో టీబీ అన్నారు. ఆ మాట బయటికి పొక్కితే అమ్మాయి సంబంధం ఏమవుతుందోనని ఇంటిల్లిపాదీ గుట్టుగా ఉండిపోయారు. కళ్లె పరీక్ష చేయించడానికి కూడా మరో ఊరు వెళ్లారు. టీబీ లేదని తేలింది. ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. "ఏమీ లేదంటున్నారు కదా, నువ్వే ఊరికే దిగులు పెట్టుకుంటున్నావు" అని ఇంట్లోవాళ్లు ఆయన్నే కసిరారు. ఏమీ లేదంటే మరి ఆ బస్తా ఎక్కడిది?

చివరికి బందరులో ఒక ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి మేమే వెంటబెట్టుకుని వెళ్లాం. ఆమె స్టెతస్కోపు పెట్టకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తావయ్యా?" రెండో ప్రశ్న, "వారంలో సెలవు ఏరోజు?" బావ శుక్రవారమని చెప్పగానే, "అయితే శనివారం ఎక్కువగా ఉంటుందా?" అందామె. బావ నోరు తెరిచి మావైపు చూశాడు. ఆయన చెప్పకుండానే ఆమెకెలా తెలిసిందని!

ఇదేమీ కరామత్ కాదు. మూడు వందల ఏళ్లనుంచి వైద్యులకు తెలిసిన సంగతే. ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు 1700లో చేతివృత్తులవారి జబ్బుల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. నార ఏకేవారు దుమ్ము పీల్చి దగ్గుతో, ఆయాసంతో బాధపడటం అందులో రాశాడు. రోగిని అడగవలసిన ప్రశ్నల్లో వృత్తి ఏమిటన్న ప్రశ్న తప్పనిసరిగా ఉండాలని వైద్యులకు నేర్పినవాడూ ఆయనే. తర్వాత ఇంగ్లండులోని లాంకషైర్ నూలుమిల్లుల్లో, ముఖ్యంగా దూదేకే గదుల్లో పనిచేసేవారిలో ఈ ఆయాసం విపరీతంగా కనిపించింది. వాళ్లకు ఆదివారం సెలవు కాబట్టి సోమవారం పట్టేది. 1950లలో రిచర్డ్ షిల్లింగ్ అనే వైద్యుడు ఈ సోమవారపు లక్షణాన్నే కొలబద్దగా పెట్టుకుని జబ్బును దశలుగా విభజించాడు. సెలవుదినం మారితే జబ్బు పట్టే రోజూ మారుతుంది. శుక్రవారం సెలవు తీసుకునేవారికి అది శనివారం. దీని పేరు బిసినోసిస్. గ్రీకు భాషలో సన్నని నారబట్టను 'బిసోస్' అంటారట, దానినుంచి వచ్చిన పేరు.

బందరుకూ లాంకషైరుకూ ఉన్న సంబంధం ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆంగ్లేయులు 1611లో బందరులో వర్తకస్థావరం పెట్టింది మన బట్టలకోసమే. రెండు వందల ఏళ్లు తిరిగేసరికి వాళ్ల మిల్లు బట్ట మన మగ్గాల నోట్లో మట్టి కొట్టింది. 1861–65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధంవల్ల అక్కడి పత్తి ఆగిపోతే, లాంకషైరు మిల్లులు మన దేశపు పత్తి తెప్పించుకున్నాయి. చెత్త, ఆకుముక్కలు ఎక్కువగా ఉన్న ఆ పత్తిని ఏకలేక అక్కడి కూలీలు నానా అవస్థలు పడ్డారు. దుమ్ముకు దేశం లేదు, దొర లేడు, బంటు లేడు.

ఆ చెత్తలోనే ఉంది అసలు కిటుకు. ఊపిరితిత్తులను పాడుచేసేది తెల్లని దూదిపోగు కాదు. పత్తికాయ తొడిమలు, ఎండాకుల పొడి, వాటిమీద పెరిగే సూక్ష్మజీవులు, ఆ సూక్ష్మజీవుల పైపొరనుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం. ఇది లోపలికి పోతే గాలిగొట్టాలు బిగుసుకుపోతాయి. రోజూ పీలుస్తుంటే శరీరం ఒకరకంగా సర్దుకుపోయినట్టు నటిస్తుంది. ఒకరోజు మానేసి మళ్లీ మొదలుపెట్టగానే తిరగబడుతుంది. అందుకే సెలవు మర్నాడు బాధ. "రెండోరోజుకు అలవాటైపోద్ది" అని మనవాళ్లు అనుకోవడం ఎంత మోసమో చూడండి. అలవాటయ్యేది మనసుకు, ఊపిరితిత్తులకు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ శనివారపు ఆయాసం ఆదివారానికి, సోమవారానికి పాకుతుంది. చివరికి వారమంతా నిలిచిపోతుంది. ఆ దశలో పని మానినా పోయిన ఊపిరి పూర్తిగా తిరిగిరాదు. సాధారణంగా ఇదంతా పది, ఇరవై ఏళ్ల వ్యవహారం. బీడీ తాగేవారికి ఇంకా త్వరగా ముంచుకొస్తుంది.

అంటే శనివారం ఒక్కరోజే బాధ ఉన్నవాడు నిజానికి అదృష్టవంతుడు. అతనికి ఇంకా వెనక్కి తిరిగే దారి ఉంది. ఆ దారి ఉన్నన్నాళ్లూ ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, మనం ఏమీ లేదనుకుంటాం.

పుట్టలో పాత దూది

మిల్లు కూలీకీ మన పల్లెలోని పరుపులాయనకూ ఒక తేడా ఉంది. మిల్లులో వచ్చేది కొత్త పత్తి. మనవాళ్లు ఎక్కువగా ఏకేది పదేళ్లు పడుకున్న పాత పరుపుల్లోని దూది. అందులో మనుషుల ఒంటి పొట్టు, దాన్ని తిని బతికే కంటికి కనపడని పురుగులు, మన డెల్టా చెమ్మకు పట్టిన బూజు ఉంటాయి. ఇవి ఉబ్బసాన్ని రేపుతాయి. కాబట్టి ఆయాసపడే ప్రతి పరుపులాయనకూ బిసినోసిసే అని చెప్పలేం. ఉబ్బసం కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు, ఇంకేదైనా కావచ్చు. డాక్టరు తేల్చాలి. బూరుగు దూది అయితే ఏమీ కాదా అని కొందరు అడుగుతారు. ఈ జబ్బు ప్రధానంగా పత్తి, నార దుమ్ములవల్ల వచ్చేది. అంతమాత్రాన బూరుగు దుమ్ము మంచిదని కాదు. నానిపోయి బూజు వాసన కొట్టే దూదిని మాత్రం ఎవరు ఎంత బతిమాలినా ఏకవద్దు. పారేయమని చెప్పాలి. ఆ బేరం పోతే పోయింది.

డాక్టరమ్మ బావచేత ఒక గొట్టంలోకి ఊపిరి బలంగా ఊదించింది. స్పైరోమెట్రీ అంటారు. మొదటి ఒక్క సెకనులో ఎంత గాలి బయటికి వస్తుందో అది కొలుస్తుంది. జుమా మర్నాడు పనికి వెళ్లేముందు ఒకసారి, పని అయ్యాక ఒకసారి ఊదితే తేడా బయటపడుతుంది. రోజూ బందరు రావడం ఎలా అని బావ నసిగాడు. ఆమె చేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ పరికరం ఒకటి కొనిపించింది. పీక్ ఫ్లో మీటరు. కొన్ని వందల రూపాయల్లో మందులషాపుల్లో దొరుకుతుంది. నిలబడి, గుండెనిండా గాలి పీల్చి, ఒక్క ఊపులో ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. బావ చదువు అయిదో తరగతి. చిన్నమ్మాయి నోటుపుస్తకంలో గళ్లు గీసి ఇచ్చింది. మొదటివారం శుక్రవారం 310, శనివారం సాయంత్రం 240. ఆ రెండంకెలు చూశాక ఇంట్లో ఎవరూ ఆయన్ని దిగులు మనిషి అనలేదు.

ఇన్‌హేలరు ఇచ్చారు. దానివల్ల హాయి ఉంటుంది. కానీ దుమ్ములో కూర్చుని ఇన్‌హేలరు పీల్చడం చిల్లుకుండలో నీళ్లు పోయడమేనని ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. అసలు మందు దుమ్ముకు దూరం కావడం. "పని మానెయ్" అని మాత్రం ఆమె అనలేదు. మానితే ఏం తింటాడో ఆమెకు తెలుసు.

నష్టపరిహారం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మావాళ్లలో చాలామంది అదే ముందు అడుగుతారు. ఇంగ్లండులో 1940లలోనే ఈ జబ్బు పడిన మిల్లు కూలీలకు పరిహారం మొదలైంది. అమెరికాలో 1978లో పత్తి దుమ్ముకు హద్దు విధిస్తూ నిబంధన వస్తే యజమానులు కోర్టుకెక్కారు. 1981లో సుప్రీంకోర్టు కార్మికులవైపే తీర్పు చెప్పింది. మన దేశంలో 1923నాటి పరిహార చట్టం వృత్తివ్యాధుల జాబితాలో బిసినోసిస్ ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ వృత్తివ్యాధుల జాబితా ఉంది. కాబట్టి జిన్నింగు మిల్లులోనో నూలుమిల్లులోనో పనిచేసే మన సోదరులు పని వివరాలు, జీతం కాగితాలు, డాక్టరు చీటీలు భద్రపరచుకోవాలి. అడిగే హక్కు వాళ్లకుంది.

మరి మా బావకు? ఆయన యజమానీ ఆయనే, కూలీ ఆయనే. ఎవర్ని అడగాలి? 2023 సెప్టెంబరులో కేంద్రం చేతివృత్తులవారికి విశ్వకర్మ పథకం ప్రారంభిస్తే ఆశగా జాబితా చూశాం. పద్దెనిమిది వృత్తులున్నాయి. వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి, దర్జీ, వల అల్లేవారు, పూలమాలలు కట్టేవారూ ఉన్నారు. దూదేకేవారు లేరు. పనిముట్లకు సాయం అందవలసిన వృత్తుల్లో ఊపిరి పణంగా పెట్టే ఈ వృత్తి ఎందుకు కనపడలేదో ఆలోచించవలసింది మన సంఘాల పెద్దలు. ఏటా సభలు పెట్టి శాలువాలు కప్పుకోవడంతోపాటు ఒక అర్జీ కూడా రాయవచ్చు.

బావ ఇంట్లో ఏం మారింది

మొదట మిషను చోటు మారింది. అంతకుముందు వరండాలో, వంటగది గుమ్మం పక్కనే ఉండేది. అక్కయ్య వంటా, పిల్లల చదువూ ఆ దుమ్ములోనే. ఇప్పుడు దొడ్లో నాలుగు గుంజలు పాతి పైన రేకులు వేశారు. చుట్టూ గోడ లేదు. గాలి వీపువైపునుంచి వచ్చేలా కూర్చుంటారు. మిషను నోటిదగ్గర పాత గోనెపట్టా తెర కట్టారు. పని అయ్యాక పొడి చీపురు పట్టరు. నేలమీద నీళ్లు చల్లి తడిపి ఎత్తుతారు. పనిబట్టలు దొడ్లోనే విప్పి, స్నానం చేసిగాని ఇంట్లోకి రారు. ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుంటే చాలని బావ చాలా ఏళ్లు అనుకున్నాడు. తుండుగుడ్డ దూదిపోగును ఆపుతుంది, సన్నదుమ్మును ఆపదు. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిన ఎన్-95 మాస్కే కాస్త పనికొస్తుంది, ముఖానికి బిగుతుగా అమరితేనే. ఎండాకాలం దాన్ని పెట్టుకుని పనిచేయడం నరకమని బావ అంటాడు. అందుకని వేసవిలో ఏకేపని ఫజ్ర్ తర్వాత మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తున్నారు. బీడీ మానడానికి మాత్రం ఏడాది పట్టింది. మధ్యలో రెండుసార్లు మాకు తెలియకుండా తాగాడు. మాకు తెలిసింది.

రంజాన్ వచ్చేసరికి ఇంకో చిక్కు. రోజాలో ఇన్‌హేలరు పీల్చవచ్చా? ఉలమాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. దానివల్ల రోజా భంగమవుతుందని మన ప్రాంతపు హనఫీ పండితుల్లో ఎక్కువమంది చెబుతారు. కాదని చెప్పే పెద్దలు అరబ్ దేశాల్లో ఉన్నారు. బావ మాత్రం ఎవర్నీ అడగకుండా నెలరోజులూ ఇన్‌హేలరు అటకమీద పెట్టేశాడు. పదిహేనో రోజా నాటికి సజ్దాలోకి వంగితే లేవలేని స్థితి. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు కాబట్టే చెబుతున్నాం. పొద్దున, సాయంత్రం వాడే ఇన్‌హేలరు సహరీకి ఒకసారి, ఇఫ్తారుకు ఒకసారి సర్దుకోవచ్చు. రంజానుకు ముందే డాక్టరును అడిగితే చెబుతారు. మధ్యలో ఆయాసం వచ్చిపడితే రోజా విరమించి మందు పీల్చాలి, ఆ రోజాను తర్వాత ఖజా చేసుకోవాలి. రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు అది. ఉండగలడో లేదో డాక్టరుతో, ఆపైన ఆలింతో మాట్లాడి తేల్చుకోవాలేగాని మొండితనం చేయరాదు. నిలబడలేనివాడు కూర్చుని నమాజు చేయవచ్చన్నదీ అందరికీ తెలుసు, ఎవరూ కుర్చీ మాత్రం అడగరు!

సంబంధం సంగతి. దాచాలా, చెప్పాలా అని ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. చెప్పాలన్నది అక్కయ్య. అంటుజబ్బు కాదు, వంశంలో వచ్చేది కాదు, పనివల్ల వచ్చింది, ఇందులో సిగ్గేముందని ఆమె అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. చెప్పారు. ఒక సంబంధం వెనక్కి పోయింది. రెండోవాళ్లు, "మా నాన్నకూ అంతే ఉంటది, ఆ డాక్టరమ్మ ఎక్కడ?" అని అడిగారు. నిఖా వాళ్లతోనే జరిగింది.

ఇప్పుడు బావ ఏకడం తగ్గించేశాడు. కొలతలు తీయడం, గుడ్డ కత్తిరించడం, కుట్టడం, ఇళ్లకు చేరవేయడం ఆయన పని. ఫోము పరుపులు వచ్చాక బేరాలు ఎలాగూ తగ్గాయి. అందుకని సోఫా దిండ్లు, కారు సీట్ల కవర్లు కూడా కుడుతున్నాడు. రాబడి మునుపటిలా లేదు. మధ్యాహ్నం నిద్రపడుతోందని మాత్రం అంటాడు.

మిషనుమీద కూర్చునేది మేనల్లుడు. ఇరవై రెండేళ్లవాడు. ఈ ఏర్పాటు మాకు మొదట ఎంత తెలివిగా అనిపించిందో, తర్వాత అంత గుచ్చుకుంది. తన ఛాతీమీది బస్తాను బావ తీసి పిల్లవాడిమీద పెట్టాడా? ఈ ప్రశ్న బావనే అడిగాం. ఆయన కాసేపు సూదిలో దారం ఎక్కిస్తూ ఊరుకున్నాడు. "నాకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు బావా. వాడికి నేను చెప్పాను. వద్దంటే వద్దను అన్నాను. ఫ్రిజ్జు, ఏసీ పని నేర్చుకోడానికి గుడివాడ పోతానన్నాడు, ఈ సీజను అయ్యాక పంపిస్తాను. ఇద్దరం పోతే మిషను అమ్మేస్తాం" అన్నాడు.

దొడ్లో పందిరిగుంజకు ఇప్పుడు రెండు నోటుపుస్తకాలు వేలాడుతున్నాయి. మొన్న మేము వెళ్లింది శనివారం సాయంత్రం. కుర్రవాడు మాస్కు తీసి, ముఖం కడుక్కుని, మామయ్య ఎదుట నిలబడి గొట్టం ఊదాడు. పొద్దున 520. ఇప్పుడు 510. బావ ఆ అంకె కేసి చాలాసేపు చూశాడు. "ఇంకోసారి ఊదరా" అన్నాడు.